పాట పుట్టినింటికి మరలివచ్చిన వృత్తాంతము

ఎఱ్ఱగుంట్లకు చేరువనున్న కలమళ్ళ శాసనము తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనదని పండితులు నిర్ణయించిరి. రేనాటి చోళరాజగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటిది, కాలము క్రీ.శ. 575 ప్రాంతము. వీరపునాయునిపల్లె ప్రజలకు అది పొరుగూరి సొత్తు. ఆ రాతిమీద అక్షరములు కలవు, మాటలు కలవు. కాని ఆ మాటలను ఆనాటి రేనాటి కాపు ఏ యాసతో పలికెనో, ఎచ్చట సాగదీసి ఎచ్చట విఱిచెనో తెలుపగల వారెవ్వరును లేరు. రాయి మాటను దాచును గాని గొంతును దాచదు.

రాగిరేకుల సంగతియు నంతే. రాజంపేట చేరువ తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యుని సంకీర్తనలను ఆయన సంతతివారు రాగిరేకులపై చెక్కించి తిరుమల కొండమీద సంకీర్తన భాండారమున భద్రపఱచిరి. కొన్ని శతాబ్దములు అవి చీకటిలో నుండి, 1922 ప్రాంతమున వెలుగు చూచినవి. పిదప వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించిరి. పాటలు వేలకొలది దొరకినవి. ప్రతి పాటకు పైన రాగము పేరు సయితము కలదు. కాని ఆ రాగమున అన్నమయ్య ఏ వరుసను పాడెనో ఆ రేకులు చెప్పవు. కొన్ని రాగముల పేర్లు నేటి గాయకులకు వినికిడి లేనివి. అనంతపురము సీమ బిడ్డడైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తమ సంగీతజ్ఞానము నంతయు వెచ్చించి వందకు మించిన కీర్తనలకు స్వరరచన చేసిరి. అది మహోపకారమే. అయినను అది రాళ్ళపల్లివారి వరుస. అన్నమయ్య వరుస కొండగాలిలో కలిసిపోయినది. కడప సీమకు కలిగిన నష్టములలో ఇంతకంటె పెద్దది వెదకినను దొరకదు. దీనికై ఎవ్వరిని నిందించుటకును వీలులేదు, నాడు గొంతును పట్టి నిలుపు యంత్రము భూమిమీద లేకుండెను గనుక.

మఱియొక ఉదాహరణము. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీవారిపై తిరుగబడి, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబ మెక్కెను. కోయిలకుంట్ల నాడు కడప జిల్లాలోనిదే. ఆయన కథ రేనాటి పల్లెలలో పాటయై నిలిచినది. 1874లో జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో తెలుగు వీరగీతములపై వ్యాసము వ్రాయుచు, నరసింహారెడ్డి పాటను అందు చేర్చెను. చనిపోయి ఇరువదియేడేండ్లే అయినది. ఆయనను కన్నులార చూచినవారు ఇంకను సజీవులై యుండిన కాలము. వారి యెదుట పాడిన గాయకుల గొంతులు మాత్రము అచ్చునకు లొంగలేదు.

బాయిల్ వ్యాసము వెలువడిన మూడేండ్లకు, 1877లో, అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. దాని పని చూచుటకు సులభము. వెడల్పు మూతిగల గరాటు ముందర మనిషి పాడును. ఆ ధ్వనికి పలుచని పొర యదరును. పొరకు తగిలించిన సూది తిరుగుచున్న గొట్టముపై గాడి గీయును. అదే గాడిలో మరల సూదిని నడపిన, అదే గొంతు బయటికి వచ్చును. మొదట తగరపు రేకును, కొలదికాలమునకు మైనమును వాడిరి. మైనపు గొట్టము రెండు మూడు నిమిషముల పాటను పట్టును. చిక్కేమనగా, వినిన ప్రతిసారియు సూది ఆ గాడిని కొంత అరగదీయును. దాచుకొనిన ధాన్యమును కొలుచుకొన్న ప్రతిసారియు గుప్పెడు తఱిగినట్లే.

1890 మార్చిలో జె. వాల్టర్ ఫ్యూక్స్ అను విద్వాంసుడు ఈ యంత్రమును మోసికొని అమెరికా ఈశాన్యపు కొననున్న మెయిన్ రాష్ట్రమునకు పోయి, పాసమక్వాడి అను ఆదిమజాతి వారి పాటలను, కథలను, మాటలను గొట్టములకెక్కించెను. పల్లెపట్టునకు పోయి యంత్రముతో పాటను పట్టుటకు లోకమున అదియే ఆరంభమందురు. ఇది ఫ్యూక్సుగారికి ప్రయోగము. పాడినవారికో, అది తాతముత్తాతల ధనము. గొట్టములు పెట్టెలో పెట్టుకొని ఆయన వెడలిపోయెను; అవి తొలుత విశ్వవిద్యాలయపు మ్యూజియములోను, తుదకు వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయములోను చేరినవి.

అటుపిమ్మట 1899లో వియన్నాలోను, 1900లో బెర్లినులోను ధ్వని భాండాగారములు వెలసినవి. బెర్లిను భాండాగారమువారు మైనము చెడునని యెఱిగి ఒక యుక్తి పన్నిరి. విద్యుత్తు సాయమున మైనపు గొట్టము చుట్టును రాగిపొర పోతపోసి, ఆ రాగి అచ్చునుండి కావలసినన్ని ప్రతులు తీయుట. అందు అసలు మైనము నశించును, రాగి మిగులును. తాళ్ళపాకవారు రాగిపై మాటను నిలిపిరి, బెర్లినువారు రాగిలో గొంతును నిలిపిరి. ఆ రాగి అచ్చులకును వనవాసము తప్పలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున వానిని బెర్లిను దాటించి దాచిరి. యుద్ధానంతరమున రష్యావారు లెనిన్‌గ్రాడునకు కొనిపోయిరి. మరల తూర్పు బెర్లిను చేరి, రెండు జర్మనీలు ఏకమైన పిదప 1991లో గాని స్వస్థానమునకు రాలేదు. 1999లో యునెస్కో వానిని ప్రపంచ స్మృతి సంపదలలో చేర్చినది.

మన దేశమునను ఆ కాలముననే ప్రభుత్వము పూనుకొన్నది. భారత భాషా సర్వేక్షణము నడపిన జార్జి గ్రియర్సను ప్రేరణమున 1913 మొదలు 1929 వరకు దేశమందలి 97 భాషలను, ఉపభాషలను గ్రామఫోను పలకలపై ఎక్కించిరి. మొత్తము 242 నమూనాలు. మద్రాసు రాజధాని తరపున తెలుగును, దక్షిణాది కొండజాతుల పలుకులును అందు చేరినవి. ఆ పాఠములను మద్రాసు మ్యూజియమువారు 1927లో పుస్తకముగా అచ్చువేయించిరి. సర్వేక్షణమునకు నియమిత పాఠము బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. తన కులదేవతను, తన అడవిని, తన పంటను గూర్చి పాడగల మనిషిని నిలువబెట్టి, ఊరు పేరు తెలియని కథ చెప్పించుట నేటి చదువరికి నవ్వు పుట్టించును. కాని తులనకు ఒకే కొలమానము కావలెనన్నది వారి వాదము. కొన్ని పలకలలో పాటలును, స్థానిక కథలును చేరుట మన భాగ్యము.

ఇట్లు సేకరించినవి ఎవరి సొత్తు? గ్రంథాలయమున పుస్తకము తీసికొన్నవాడు చిట్టాలో సంతకము పెట్టును. గడువు దాటిన జరిమానా చెల్లించును. పాట తీసికొన్నవారికి అట్టి చిట్టా లేదు. పెక్కు గొట్టములపై సేకరించినవాని పేరుండును, సంవత్సర ముండును, జాతి పేరుండును. పాడిన మనిషి పేరుండదు. చట్టము సయితము చాలకాలము ఇటులే నడచినది. మన 1957 కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణకు కర్త దానిని చేయించినవాడే. పాడినవానికి హక్కు కలదని ఆ చట్టమున చేర్చుటకు 1994 దాక పట్టినది. అదియును ఒక మనిషి హక్కు. ఒక జాతియంతయు తరతరములుగా పాడుకొను పాటపై ఆ జాతికిగల హక్కు ఇంకను చట్టమునకు చిక్కని వస్తువే.

పల్లెవారికి మాత్రము ఇది క్రొత్త ప్రశ్న కాదు. కాటమరాజు కథ గొల్లలది. దానిని చెప్పు హక్కు కొమ్మువారిది. పిచ్చుకుంటులవారికి తమ దాతల గోత్రములు చెప్పు మిరాశీ కలదు. మఱియొకడు వచ్చి ఆ యింటి ముంగిట ఆ కథ చెప్పిన తగవు పుట్టును. ఏ కథ ఎవరు చెప్పవలెను, ఎవరి వాకిట చెప్పవలెను, ఏ పండుగకు చెప్పవలెను, ఆ చెప్పినందుకు ఎంత ధాన్యము ముట్టవలెను అన్నది ఊరి కట్టుబాటులో నుండెను. పుట్టెడు చట్టములు చదివిన పట్టణపు వకీళ్ళు నేడు వెదకుచున్న దానిని, కొలుచు గింజల లెక్కలో మన పెద్దలు ఏనాడో తేల్చుకొనిరి. ఆ కట్టుబాటులో కుల తారతమ్యముల కాఠిన్యము లేకపోలేదు. అది వేఱు విచారము.

యంత్రము లేకుండగనే ఈ బాకీ తీర్చిన తెలుగువాడు ఒకడు కలడు. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలపైని సవరల భాష నేర్చిరి. సవర మాట తెలిసినవారిని ఇంట నుంచుకొని, వారివలన పాటలు, కథలు విని వ్రాసికొనిరి. ఇంతవరకు ఎందఱో చేసిన పనియే. ఆయన చేసిన రెండవ పని గొప్పది. ఆ భాషలోనే వాచకములును, పాటల పుస్తకములును కూర్చి, స్వంత ఖర్చుతో బడులు పెట్టి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించిరి. వారి నోట విన్నది వారి బిడ్డల చేతికి పుస్తకమై చేరినది. సవర వ్యాకరణము 1931లో వెలువడుటకు ముందే ఇదంతయు జరిగినది. విద్వాంసుల కొఱకు గ్రంథము తరువాత. పాట ఇచ్చినవారికి పుస్తకము ముందు. వాడుక భాషా వాదమున గిడుగువారితో పోరాడిన పండితులు పెక్కండ్రు. ఈ విషయమున వారికి సాటి రాగలవారు మాత్రము అరుదు.

అమెరికాలో బాకీ తీరుట ఆలస్యమైనది. 1979లో కాంగ్రెసు గ్రంథాలయమువారు మైనపు గొట్టముల పథకము మొదలిడి, అరిగిపోవుచున్న వేలాది గొట్టములను టేపులపైకి ఎక్కించి, ఏ జాతి పాటలు ఆ జాతికి ప్రతులు పంపసాగిరి. ఒమాహా జాతివారి వృత్తాంతము ఇందు చెప్పదగినది. వారి పాటలను 1890 దశకమున సేకరించినవారిలో ఫ్రాన్సిస్ లా ఫ్లెష్ ఆ జాతిలోనే పుట్టినవాడు. కావున పాటల పేర్లు, సందర్భములు కొంత తెలిసియుండెను. 1980 దశకమున అవి మరలివచ్చినపుడు, ఆ జాతి పెద్దలు గ్రంథాలయమువారితో కూడి కూర్చుండి, ఏ పాటలు లోకమునకు వినిపింపవచ్చునో తేల్చిరి. అట్లు ఏర్చినవానితో 1985లో గ్రామఫోను పలక వెలువడినది.

పాటను తిరిగి ఇచ్చుట యనగా తపాలా పెట్టెలో వేయుట కాదని అప్పుడు అందఱకును తెలిసివచ్చినది. కొన్ని పాటలు పూజ వేళ తప్ప పాడరానివి. కొన్ని పురుషులు వినరానివి, కొన్ని స్త్రీలు వినరానివి. మన సీమలోను ఉపదేశము పొందినవారికి తప్ప చెప్పని తత్త్వములు కలవు గదా. సేకరించినవాడు అది యెఱుగక పట్టుకొని పోయి, మ్యూజియమువారు అది యెఱుగక ఎల్లరకు వినిపించిన, ఇచ్చినవారి మనస్సు ఎంత నొచ్చును! కావున వినదగినదేది, దాచదగినదేది అని జాతివారే తీర్పు చెప్పు పద్ధతి వచ్చినది. మొట్టమొదట గొంతు నిచ్చిన పాసమక్వాడివారికి 1980 దశకమున టేపులు అందినవి గాని, గాడుల కరకర చప్పుడులో మాట తెలియరాలేదు. ఇటీవలి డిజిటల్ పద్ధతులతో ధ్వని తేటపడిన పిదప, ఆ భాష తెలిసిన పెద్దలు చెవియొగ్గి మాట మాటగా విని వ్రాసికొనిరి. 2018 నుండి కాంగ్రెసు గ్రంథాలయపు జాబితాలో ఆ పాటల పేర్లు వారి భాషలోనే చేరినవి. వ్యాపారమునకు వాడరాదను వారి షరతు ప్రక్కనే కనబడును.

మన దక్షిణదేశమున జరిగిన వృత్తాంతము ఇంతకంటె దగ్గఱిది. ఆర్నాల్డ్ బేక్ (1899–1963) అను డచ్చి విద్వాంసుడు శాంతినికేతనమున రవీంద్రుని పాటలు నేర్చి, తానును చక్కగా పాడగలవాడు. 1938–39లో ఆయన యంత్రములతోను, మూగ చిత్రములు తీయు కెమెరాతోను తమిళ, కేరళ, కన్నడ సీమలు తిరిగి, గుడులలోను, పల్లెలలోను, నీలగిరి కొండజాతులలోను పాటలను, ఆటలను పట్టెను. తరువాత లండనులో ఆచార్యత్వము వహించెను. అచ్చట ఆయనకు శిష్యుడైనవాడు నాజిర్ జైరాజ్‌భాయ్. గురువు గతించిన యిరువదియొక్క యేండ్లకు, 1984లో, ఈ శిష్యుడు తన భార్యయగు ఏమీ కాట్లినుతో గూడి, గురువు తీసిన ధ్వనులను, చిత్రములను తీసికొని గురువు నడచిన దారినే మరల నడచెను. ఊరూరను వానిని వినిపించి, చూపించి, ఆ కళ నేడు ఎట్లున్నదో కనుగొని, క్రొత్తగా వీడియో తీసెను. నలువదియాఱేండ్లలో కొన్ని నిలిచినవి, కొన్ని రూపు మారినవి, కొన్ని అడుగంటినవి. తాతకాలపు ఆటను తెరమీద చూచి, ఇది ఎవరి ఆటయో, ఏ సందర్భముననో చెప్పగలవారు ఆ యూరివారే. లండను పెట్టెలో నున్నంత కాలము ఆ చిత్రములకు ఆ వివరణ దొరకదు. అందువలన మేలు ఇరువైపులను జరిగినదన్నమాట. ఇచ్చినవారికి పాట వచ్చినది, భాండాగారమునకు అర్థము వచ్చినది.

ఆ జైరాజ్‌భాయ్ పూనికతోనే 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీసు వారి సంగీత పరిశోధన భాండాగారము మన దేశమున వెలసినది. నేడది గురుగ్రామమున నున్నది. విదేశీయులు ఇచ్చట సేకరించి కొనిపోయిన ధ్వనుల ప్రతులు ఈ దేశమునందే దొరకవలెనన్నది దాని ముఖ్యోద్దేశములలో నొకటి. బేక్ సేకరణ ప్రతులును అచ్చట కలవు. తరువాత ఆ సంస్థవారు పశ్చిమ రాజస్థానమున మాంగణియార్, లంగా గాయకులతోనే కలిసి పనిచేసిరి. ఎడారి పల్లెలలో గాయకులే యింటింటికి తిరిగి, ఏ కుటుంబమున ఎవరు ఏమి పాడుదురో లెక్క తీసిరి. ఊరి జనాభా లెక్క ఊరివాడు వ్రాసిన తప్పులు తక్కువ యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

బేక్ తీసికొనిన దారి కన్నడ, తమిళ సీమలలో సాగిపోయినది. తెలుగుపాట యంత్రమున కెక్కుట టేపులు వచ్చిన పిమ్మట విరివియైనది. 1956లో ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయములపై పరిశోధనకు డాక్టరేటు పొందిన నాటినుండి విశ్వవిద్యాలయములవారు పల్లెబాట పట్టిరి. 1974లో జీన్ రోఘేర్ అను అమెరికా విద్వాంసుడు పల్నాటి వీరకథను అలిశెట్టి గాలెయ్య నోట విని టేపున కెక్కించెను. 1982లో అది ఆక్సుఫర్డువారి ఆంగ్ల గ్రంథమైనది. శ్రద్ధగా చేసిన పని. గాయకుని పేరును మఱువని పని. అయినను ఆంగ్లగ్రంథము కారెమపూడి రచ్చబండమీద చదువుకొనుటకు పుట్టినది కాదు. మన కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో నెలకొన్నది. ఈ జిల్లా గాయకులెందఱో ఆ మైకు ముందర కూర్చుండి పాడిరి. కలిమిశెట్టి మునెయ్యగారు ఈ సీమ పాటలను ఏర్చికూర్చి ‘రాయలసీమ రాగాలు’ అను పుస్తకము చేసిరి. పుస్తకమున పాట చదువుకొనువానికి వరుస తెలియదు. వరుస తెలిసిన ముసలమ్మకు పుస్తకము చదువరాదు. ఈ ఇరువురును ఒక అరుగుమీద కూడినపుడే పాట పూర్తియగును.

నేడు గ్రియర్సను నాటి పలకలను చికాగో విశ్వవిద్యాలయమువారు డిజిటల్ రూపమున అంతర్జాలములో నుంచిరి. ఎవ్వరైనను వినవచ్చును. నూఱేండ్ల క్రిందటి తెలుగు గొంతు సెల్ ఫోనులో పలుకుట వింతయే. కాని అందఱకు తెఱచిన వాకిలి వేఱు, పేరు పెట్టి పిలుచుట వేఱు. ఆ పలకలోని మనిషి మనుమడు ఏ యూర నున్నాడో, తన తాత గొంతు అచ్చట కలదని వానికెవ్వరు చెప్పవలెను? ఇది పట్టణపు భాండాగారమునకు సాధ్యమగు పని కాదు. తాత పేరు చెప్పిన యిల్లు చూపగలవాడు ఊరిలోనే యుండును. రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయమునకు ఇట్టి పని తగునా తగదా యని సందేహింప నక్కఱలేదు. బీరువాకు ప్రక్కన ఒక చిన్న పెట్టె, పాడినవారి పేరు, ఊరు, తేదీ, వారి సమ్మతి, వారు పెట్టిన షరతు వ్రాయు ఒక చిట్టా, పాడినవారి యింటికి ఒక ప్రతి: ఇంతకు మించిన సరంజామా దానికి లేదు. నేడు సెల్ ఫోను లేని యిల్లు అరుదు గనుక యంత్రమునకై ఎదురుచూడ పనిలేదు.

తొందర మాత్రము కలదు. ఈ సీమలో బావుల వెంబడి కపిల తోలినంత కాలము కపిలపాట యుండెను. ఎద్దులు వాలున దిగుచుండగా మోకుమీద కూర్చుండి పాడు పాట అది. బాన పైకివచ్చి నీరు తొట్టిలో పడు వేళకు చరణము ముగియును. ఆయిలింజనులు వచ్చి, పిదప కరెంటు మోటార్లు వచ్చి, కపిల పోయినది. పనితోపాటు పాటయు నిలిచిపోయినది. మోటారునకు పాటతో పనిలేదు. విసురురాతి పాట, రోకటి పాట అదే దారి పట్టినవి. కోలాటము, చెక్కభజన నేటికిని పండుగలలో నిలిచియున్నవి గాని, పాడువారు తగ్గి, కొన్నిచోట్ల పాటలే మారినవి. చిన్ననాట కపిల తోలినవారు, తెల్లవాఱుజామున రాగులు విసరినవారు ఈ చుట్టుపట్ల ఇంకను కొందఱు కలరు. వారిలో ఎనుబదియేండ్లు దాటనివారు తక్కువ.